రెక్కలు కట్టుకునే ముందు

నర్సీపట్నంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి, సంఘస్తులు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా ఒక కుర్రవాడు మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. ఇప్పుడు బస్టాండు వైపు ఒక డీజిల్ మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. గోళ్ళలో ఇంకా గ్రీజు మరక ఉంది.

"అయ్యగారూ, నేను ఆఫ్రికాలో విమానం నడపాలనుకుంటున్నానండి. పెద్ద విమానం కాదు, చిన్నది. అడవుల్లో మిషనరీలు, డాక్టర్లు తిరిగేది" అన్నాడు.

వాడి వెనక తండ్రి నిలబడి నేల చూస్తున్నాడు. గొలుగొండ వైపు ఆయనకు రెండెకరాల జీడిమామిడి తోట ఉంది. ఉన్న ఆస్తి అంతే. కొడుకు మాట ముగిశాక ఆయన నెమ్మదిగా, "తోట అమ్మేద్దామా వద్దా అని మిమ్మల్ని అడుగుదామని వచ్చామండి. దేవుని పిలుపు అంటున్నాడు. నేను కాదంటే దేవుణ్ణి కాదన్నట్టవుతుందేమోనని భయంగా ఉంది" అన్నారు.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం మా వల్ల కాలేదు. "ప్రార్థన చేద్దాం" అని పంపించేయడం తేలిక, చాలాసార్లు మేమూ అదే చేశాం. ఈసారి మాత్రం అలా చేయబుద్ధి కాలేదు. లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టదలచినవాని సంగతి చెప్పారు. ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోకుండా పునాది వేసినవాడు దారిన పోయేవారి నవ్వులపాలవుతాడన్నారు. అందుకే మేము కూడా ఆ తండ్రీకొడుకులతో కూర్చున్నాం. కొన్ని వారాలపాటు చదివి, తెలిసినవారిని అడిగి, కాగితం మీద లెక్క వేశాం. ఆ లెక్కనే ఇక్కడ పంచుకుంటున్నాం. ఇలాంటి కోరికతో ఉన్న పిల్లలు ఇంకా చాలా సంఘాల్లో ఉంటారని మా నమ్మకం.

రెక్కల మీద పరిచర్య ఎలా మొదలైంది?

విమానాన్ని మొట్టమొదట పరిచర్యకు వాడుకోవాలని గట్టిగా తలచినవారిలో జాన్ ఫ్లిన్ ఒకరు. ఆస్ట్రేలియాలో ప్రెస్బిటేరియన్ బోధకుడు. వందల మైళ్ళ ఎడారిలో వైద్యుడు లేక చనిపోతున్నవారిని చూసి ఆయన ఎగిరే వైద్యసేవకు పూనుకున్నారు. దాని తొలి విమానం 1928 మే 17న క్లాన్‌కరీ అనే ఊరి నుంచి ఎగిరింది. నేటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకు అదే మొదలు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసేటప్పటికి యుద్ధవిమానాలు నడిపిన క్రైస్తవ యువకులు చాలామంది, ఈ విద్యను చంపడానికి కాక బ్రతికించడానికి వాడలేమా అని ఆలోచించారు. ఆ ఆలోచనలోంచే 1945లో అమెరికాలో, ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో, నేటి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ పుట్టింది. ఎంఎఎఫ్ అని క్లుప్తంగా పిలుస్తారు. అమెరికా శాఖ తరఫున తొలిసారి ఎగిరింది ఒక స్త్రీ అని చెబితే మన సంఘాల్లోని అక్కచెల్లెళ్ళు సంతోషిస్తారు. ఆమె పేరు బెటీ గ్రీన్. యుద్ధకాలంలో సైనిక విమానాలు నడిపిన అనుభవం ఆమెకుంది. 1946 ఫిబ్రవరి 23న ఒక పాత వాకో విమానంలో ఆమె మెక్సికోకు బయలుదేరారు. తరువాతి సంవత్సరాల్లో ఆమె నైజీరియాలోనూ సూడాన్‌లోనూ కూడా ఎగిరారు.

ఆఫ్రికా వైపు చూపు తిప్పింది ఇంగ్లండు శాఖ. జాక్ హెమ్మింగ్స్, స్టూవర్ట్ కింగ్ అనే ఇద్దరు 1948 జనవరిలో మైల్స్ జెమిని అనే రెండింజన్ల చిన్న విమానంలో లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి బయలుదేరారు. మధ్య ఆఫ్రికాలో విమానం అవసరం ఎక్కడుందో చూసి రావడం వారి పని. ఊరూరా దిగుతూ, మిషన్ ఆసుపత్రుల్లో విచారిస్తూ వెళ్ళారు. అదే సంవత్సరం బురుండి కొండల్లో ఆ విమానం కూలిపోయింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. విమానం పోయింది గాని వారు చూడవలసింది చూశారు. 1950లో సూడాన్‌లో ఎంఎఎఫ్ పని మొదలైంది. ఈ హెమ్మింగ్స్‌గారు యుద్ధకాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్‌గా మన దేశంలోనే ఉండి బంగాళాఖాతం మీద ఎగిరినవారు. 2024లో, నూట రెండేళ్ళ వయసులో, ఎంఎఎఫ్‌కు విరాళాలు సేకరించడం కోసం స్పిట్‌ఫైర్ విమానం ఎక్కారు. 2025లో ప్రభువునందు నిద్రించారు. ఈ సంగతి చెప్పినప్పుడు మన కుర్రవాడి కళ్ళు మెరిశాయి. తండ్రిగారు మాత్రం, "కూలిపోయిందన్నారు కదండీ" అని అక్కడే ఆగిపోయారు.

ఆయన ఆగడం న్యాయమే. ఈ పరిచర్య కథల్లో అందరికీ తెలిసినది నేట్ సెయింట్‌ది. ఈక్వడార్ అడవుల్లో విమానం గుండ్రంగా తిప్పుతూ, పొడవైన తాడు చివర బకెట్టు కట్టి కిందికి దించితే అది దాదాపు కదలకుండా నిలబడుతుందని కనిపెట్టిన నేర్పరి ఆయన. దిగడానికి చోటు లేని ఊళ్ళకు మందులూ కానుకలూ ఆ విధంగా దించేవారు. ఇంజనుకు ఇంధనం అందడం ఆగిపోతే ప్రత్యామ్నాయంగా పనిచేసే ఏర్పాటును కూడా స్వయంగా తయారుచేసుకున్నారు. అంతటి జాగ్రత్తపరుడు 1956 జనవరి 8న కురరాయ్ నది ఇసుకతిన్నె మీద జిమ్ ఎలియట్, పీట్ ఫ్లెమింగ్, ఎడ్ మెకలీ, రోజర్ యూడెరియన్‌లతో కలిసి ఈటెలకు బలయ్యారు. రెండేళ్ళ తరువాత ఎలియట్‌గారి భార్య ఎలిజబెత్, సెయింట్‌గారి అక్క రేచల్ ఆ తెగవారి మధ్యకే వెళ్ళి కాపురమున్నారు. మన సండేస్కూళ్ళలో ఈ కథ చెప్పేటప్పుడు ఈటెల దగ్గర ఆపేస్తుంటాం. ఆ తాడూ బకెట్టూ, ఇంధనపు ఏర్పాటు గురించి కూడా చెప్పాలి. ఆయన సమర్పణ ఈటెల రోజున మొదలైనది కాదు, రెంచీ పట్టుకున్న రోజులనుంచీ ఉన్నది.

లంబసింగిలో ఒక లెక్క

అడవి విమానం నడపడమంటే ఏమిటో మేము కూడా మొదట సరిగా ఊహించలేదు. హైదరాబాదు విమానాశ్రయంలో చూసే విమానం వేరు, ఇది వేరు. ఇక్కడ కంట్రోలు టవరు ఉండదు, రన్‌వే దీపాలుండవు. ఎర్రమట్టి చదును చేసిన ఒక చీలిక, నాలుగైదు వందల మీటర్లు. చాలాచోట్ల అది కొండవాలు మీద ఉంటుంది. ఎక్కే వైపుకు దిగాలి, దిగే వైపుకు లేవాలి. గాలి ఎటు వీచినా మరో దారి లేదు. దిగే ముందు ఒకసారి తక్కువ ఎత్తులో మీదుగా వెళ్ళి మేకలూ ఆవులూ ఉన్నాయేమో చూసుకోవాలి. వానాకాలంలో మన రేగడి నేల ఎలా అంటుకుంటుందో తెలిసినవారికి, తడిసిన స్ట్రిప్పులో చక్రం దిగబడిపోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా కష్టం కంటికి కనబడనిది. అది గాలి పలుచన. కుర్రవాడికి అర్థమయ్యేలా మేము లంబసింగిని ఉదాహరణగా తీసుకున్నాం. చలికి పేరుపడ్డ ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉందనుకుందాం. విమాన శాస్త్రం లెక్క ప్రకారం ఆ ఎత్తులో ఉండవలసిన ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలనుకుని, పైకి వెళ్ళే ప్రతి వెయ్యి అడుగులకూ 2 డిగ్రీలు తగ్గిస్తారు. వేసవి మధ్యాహ్నం అక్కడ 29 డిగ్రీలుంటే 20 డిగ్రీలు ఎక్కువ. ఎక్కువైన ఒక్కో డిగ్రీకి విమానం మరో 120 అడుగులు పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అంటే 2,400 అడుగులు. మూడు వేల అడుగుల మీద నిలబడ్డ విమానం 5,400 అడుగుల మీద ఉన్నట్టు నీరసపడుతుంది. ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది. లేవడానికి కావలసిన నేల దాదాపు సగం అదనంగా పెరగవచ్చు. ఉదయం ఆరింటికి ఐదుగురిని తీసుకుని లేచిన విమానం మధ్యాహ్నం రెండింటికి అదే స్ట్రిప్పునుంచి ముగ్గురితో కూడా లేవలేకపోవచ్చు. ఆఫ్రికాలో ఇథియోపియా, లెసోతో వంటిచోట్ల స్ట్రిప్పులు ఇంతకన్నా చాలా ఎత్తున ఉంటాయి.

అందుకని ప్రతి మనిషినీ తూకం వేస్తారు. పాస్టరుగారినీ తూస్తారు, ఆయన తెచ్చిన కోళ్ళ బుట్టనూ తూస్తారు. మన సంఘాల్లో ఇలా జరిగితే ఎంత రగడ అవుతుందో ఊహించుకుని మేము నవ్వుకున్నాం. ప్రతి స్ట్రిప్పుకూ ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒక చెట్టో, తెల్లరంగు వేసిన రాయో. ఆ గుర్తు దగ్గరకు వచ్చేసరికి కావలసిన వేగం రాకపోతే బ్రేకు వేసి ఆగిపోవాలి. అప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఆలోచన అంతా ఇంజను స్టార్టు చేయకముందే ముగిసి ఉండాలి.

విశ్వాసమా, తెగింపా?

ఇక్కడ మనవారు ఒక మాట అంటారు. దేవుని పని మీద వెళ్తున్నప్పుడు ఇన్ని లెక్కలెందుకు, ఆయనే మోసుకుపోతాడు కదా అని. ఆ రోజు సంఘంలో ఒక పెద్దాయన ఈ మాటే అన్నారు. ఆయన విశ్వాసాన్ని మేము గౌరవిస్తాం గాని, ఆ మాటను ఒప్పుకోలేం. దేవాలయ శిఖరం మీదనుంచి దూకమని, దూతలు ఎత్తుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరో మత్తయి 4వ అధ్యాయం చదివినవారికి తెలుసు. దానికి వాక్యాన్నే ఆధారంగా చూపించాడు కూడా.

అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయం పైలట్లు కంఠస్థం చేయవలసిన భాగమని మా అభిప్రాయం. ప్రయాణకాలం దాటిపోయింది, బయలుదేరితే నష్టమని పౌలు చెప్పాడు. శతాధిపతి ఆ మాట పక్కనపెట్టి నావికుడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా బాగుందనుకున్నారు. అడవిలో పైలట్ మీద కూడా ఇలాంటి ఒత్తిడే పడుతుంది. "రేపు సంఘ ప్రతిష్ఠ ఉంది, ఎలాగైనా చేర్చండి" అని బోధకుడు అడుగుతాడు. "ఈ తల్లి రాత్రికి బ్రతకదు" అని నర్సు అంటుంది. కొండమీద మబ్బు దిగి ఉంటుంది. ఆ సమయంలో "ఇప్పుడు కాదు" అని చెప్పగలగడం కూడా అతని ఉద్యోగమే. ఆ తల్లి చనిపోతే రాత్రి నిద్ర పట్టదు. బయలుదేరి కొండను గుద్దుకుంటే విమానంలోని వారంతా పోతారు, ఆ జిల్లాకు ఉన్న ఒక్క విమానమూ పోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. ఎగరడం నేర్చుకోవాలనుకున్నవాడు ఎగరకుండా ఆగడం కూడా నేర్చుకోవాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

జీడితోట లెక్క

ఇక డబ్బు సంగతి. దీని దగ్గర మేము ఎక్కువసేపు కూర్చున్నాం.

అన్నిటికన్నా ముందు చేయవలసింది వైద్యపరీక్ష. ఇది కొడుకుతో కాదు, తండ్రితో గట్టిగా చెప్పాం. కొన్నేళ్ళ క్రితం మేమెరిగిన ఒక కుటుంబం పొలం అమ్మి ఒక శిక్షణ సంస్థకు మొదటి వాయిదా కట్టింది. ఆ తరువాత కుర్రవాడికి రంగులు గుర్తించడంలో లోపముందని తేలింది. కట్టిన డబ్బులో చాలా భాగం తిరిగి రాలేదు. పొలం పోయింది, పైలట్ కాలేదు. అందుచేత విమానయాన శాఖ, అంటే డీజీసీఏ, గుర్తించిన డాక్టరు దగ్గర మొదట క్లాస్ టూ పరీక్ష చేయించుకోవాలి. తరువాత క్లాస్ వన్ పరీక్షకు వెళ్ళాలి. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వంటి కేంద్రాల్లో అది జరుగుతుంది. చూపు, రంగులు, చెవి, గుండె అన్నీ చూస్తారు. దీనికయ్యేది వేలల్లోనే. లక్షలు తీయడానికి ముందు ఈ వేలు ఖర్చుపెట్టండి.

వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీసం 18 ఏళ్ళ వయసు, 200 గంటల ఎగిరిన అనుభవం కావాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించి నడిపి ఉండాలి. విమాన నియమాలు, దారి లెక్కలు, వాతావరణం, ఇంజను సాంకేతికం అనే పరీక్షలున్నాయి. రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష. ఎంపీసీ చదివిన పిల్లలకు ఈ పుస్తకాలు మింగుడుపడనివేమీ కావు. మన దగ్గరి పిల్లలు తడబడేది ఇంగ్లీషులో మాట్లాడడం దగ్గర. దానికి డబ్బు అక్కరలేదు, రోజూ సాధన చాలు. శిక్షణకు హైదరాబాదు బేగంపేటలో ఏవియేషన్ అకాడమీ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రప్రభుత్వపు ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, దానికి ప్రవేశపరీక్ష రాయాలి. ఎక్కడ చేరినా ఇప్పటి లెక్కల్లో ఖర్చు అరకోటి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. జీడితోట అమ్మినా అందులో కొంతే వస్తుంది. మిగిలినది అప్పు.

ఆ అప్పు తీర్చడానికి మామూలు పైలట్ ఎయిర్‌లైన్స్‌లో చేరతాడు. మిషన్ పైలట్‌కు ఆ దారి లేదు. ఈ సంస్థల్లో చాలావరకు జీతం ఇచ్చే యజమాని ఉండడు. పంపించే సంఘాలూ స్నేహితులూ నెలనెలా కానుకలు పంపితే దానితో కుటుంబం బ్రతకాలి. కెనడాలోనో అమెరికాలోనో సంఘాలకు ఇది అలవాటు. నర్సీపట్నంలో మన సంఘం ఒక పాస్టరుగారి జీతం సమయానికి ఇవ్వడానికే ఇబ్బంది పడుతుంటే, ఒక పైలట్‌ను ఎలా పోషిస్తుంది? ఈ ప్రశ్న సంఘపెద్దలను అడిగాం. మౌనంగా ఉండిపోయారు. ఆ మౌనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని తండ్రితో చెప్పాం.

మరో సంగతి. 200 గంటలతో లైసెన్సు వచ్చిన కుర్రవాణ్ణి ఎవరూ కొండ స్ట్రిప్పుకు పంపరు. ఇంకా కొన్ని వందల గంటల అనుభవం, మబ్బుల్లో మీటర్ల ఆధారంతో నడిపే అర్హత, ఆపైన సంస్థవారి సొంత శిక్షణ ఉంటాయి. ఎంఎఎఫ్‌వారి శిక్షణ కేంద్రం ఆస్ట్రేలియాలో మరీబా అనే ఊళ్ళో ఉంది. అమెరికా శాఖది ఐడహో రాష్ట్రంలోని నాంపాలో. మన దేశపు లైసెన్సును వెళ్ళిన దేశంలోని విమానయాన శాఖ మళ్ళీ పరీక్షించి గుర్తించాలి. "ఆఫ్రికాలో బుష్ పైలట్ ఉద్యోగం, ఇక్కడే అడ్వాన్సు కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే ఆ ఫోను అక్కడే పెట్టేయండి.

ఈ లెక్క వేస్తుండగా మాకు ఒక మాట తట్టింది. నిజానికి కుర్రవాడి గోళ్ళలోని గ్రీజు చూసినప్పుడే తట్టవలసింది. విమానాలు నడిపేవారితోనే ఈ పరిచర్య సాగదు. విప్పి, చూసి, బిగించేవారు కావాలి. అడవి మధ్యలో చెడిపోతే మరమ్మతు చేసేది ఎవరు? అందుకే మిషన్ విమాన శిక్షణలో మొదటినుంచీ పైలట్ విద్యతోపాటు మెకానిక్ విద్యకూ పెద్దపీట వేశారు. మన దేశంలో విమాన మరమ్మతు ఇంజనీరు కావడానికి వేరే చదువుంది. ఏఎంఈ అంటారు. పైలట్ శిక్షణతో పోలిస్తే దాని ఖర్చు బాగా తక్కువ. ఆ చదువుతో మన దేశంలోనే ఉద్యోగం చేసుకోవచ్చు, అప్పు పడదు. తరువాత పైలట్ కావాలనిపిస్తే ఆ అనుభవం ఎక్కడికీ పోదు. సెస్నా 206 వంటి పిస్టన్ ఇంజను విమానాలకు కావలసిన పెట్రోలు ఆఫ్రికాలో దొరకడం కష్టమై, ధర కూడా మండిపోయి, జెట్ ఇంధనంతో నడిచే సెస్నా కారవాన్‌ల వైపు చాలా సంస్థలు మళ్ళాయి. ఆ టర్బైన్ ఇంజను తెలిసిన చేతికి గిరాకీ ఉంటుంది.

మనకన్నా ముందు వెళ్ళినవారు

తెలుగువారు ఆఫ్రికాకు మిషనరీలుగా వెళ్ళడం ఏమిటని కొందరు నవ్వుతారు. వారికోసం ఒక పేరు చెప్పాలి. జాన్ రంగయ్య. 1860 మొదలు 1911 వరకూ చెరకు తోటల్లో, టీ తోటల్లో పని కోసం మద్రాసు రేవు మీదుగా వేలాదిమంది తెలుగువారు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఓడలెక్కారు. ట్రూరో అనే మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అలా వెళ్ళినవారిలో మన విశాఖపట్నం జిల్లావారు ఎందరో ఉన్నారు. వారి మధ్య తెలుగులో వాక్యం చెప్పడానికి 1903లో నెల్లూరు నుంచి రంగయ్యగారు కుటుంబంతో బయలుదేరారు. పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషనరీ సొసైటీ. ఆ ఏడాది చివరిలోనే కీర్స్నీ టీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. పన్నెండేళ్ళు పనిచేసి 1915లో ఆయన కన్నుమూశారు.

ఉత్తర సర్కారులకు కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చి, 1874లో కాకినాడలో స్థిరపడిన ముప్పై ఏళ్ళ లోపే ఇది జరిగింది. అంటే తెలుగు సంఘం పుచ్చుకుంటూనే ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ మాట సంఘపెద్దలతో చెప్పినప్పుడు ఒకరు, "అప్పుడు ఓడ టిక్కెట్టు చాలు కదండీ, ఇప్పుడు అరకోటి" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

భాష గురించి భయపడనక్కరలేదని మాత్రం కుర్రవాడితో అన్నాం. కెన్యా, టాంజానియాల్లో మాట్లాడే స్వాహిలీలో మాటలన్నీ మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. మందును వారు డావా అంటారు, తెలంగాణవారి దవాఖానాలో ఉన్నది ఆ మాటే. కాంగోకు, చాద్‌కు, మడగాస్కర్‌కు వెళ్ళాలంటే ఫ్రెంచి కావాలి. మలేరియా గురించి నర్సీపట్నంవారికి మేము చెప్పేదేముంది! మన్యం జ్వరం ఎరగని ఇల్లు ఇక్కడ ఉందా?

మామ్మగారి ప్రశ్న

ఇంతా అయ్యాక అసలు ప్రశ్న వేసింది సంఘంలోని ఒక మామ్మగారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు.

"ఆఫ్రికా దాకా ఎందుకు నాయనా? డౌనూరు దాటి ఘాట్ ఎక్కితే చాలు. నొప్పులొచ్చిన పిల్లను డోలీలో మోసుకొస్తన్నారు. రోడ్డు దాకా వచ్చేలోపు కాన్పయిపోతంది. ఆ దారిని నువ్వు చూడలేదా?"

కుర్రవాడు తల వంచుకున్నాడు. కొంతసేపటికి, "చూశాను మామ్మా. అది చూసే కదా నాకీ కోరిక పుట్టింది" అన్నాడు. అతని చిన్నప్పుడు చింతపల్లి వైపు బంధువుల ఊరిలో ఒక స్త్రీని అలా మోసుకొస్తుంటే తానూ వెనక నడిచాడట. ఆమె బ్రతికిందో లేదో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

మన మన్యానికి విమానం పనికిరాదని లెక్క చెబుతుంది. దూరం తక్కువ, లోయ లోతు, దిగడానికి చదును లేదు. ఇక్కడ కావలసింది రోడ్డు, వంతెన, బైకు అంబులెన్సు, ఊళ్ళో శిక్షణ పొందిన మంత్రసాని. కాంగోలోనూ దక్షిణ సూడాన్‌లోనూ పరిస్థితి వేరు. అక్కడ వానాకాలంలో నెలలతరబడి రోడ్డు మూసుకుపోతుంది, ఆసుపత్రి వందల కిలోమీటర్ల దూరం. అక్కడ కూడా కాలం మారుతోంది. రువాండాలో 2016 నుంచి డ్రోన్లు రక్తపు సంచులు చేరుస్తున్నాయి. మన పొరుగున వికారాబాదులో 2021లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం చేశారు. ఈ కుర్రవాడు పైలట్ అయ్యేనాటికి మందుల మూటలు మోసే పని డ్రోనుకు పోయి, మనుషులను మోసే పని మాత్రం అతనికి మిగలవచ్చు.

గాజా దారిలో ఐతియొపీయుడైన నపుంసకుని కోసం ఫిలిప్పు సమరయను విడిచి వెళ్ళాడు. సమరయలో పని అయిపోయి కాదు, అక్కడ జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఎందరో ఉన్న ఊరు విడిచి ఒక్కడున్న ఎడారికి వెళ్ళమన్నది ప్రభువు దూత. కాబట్టి మామ్మగారి ప్రశ్న సరైనదే అయినా, దానితోనే కుర్రవాడి పిలుపు అబద్ధమైపోదని మేము అనుకుంటున్నాం. అయితే పిలుపు నిజమైనంత మాత్రాన తోట ఇవాళే అమ్మాలనీ లేదు. ఈ రెండు మాటలూ తండ్రితో చెప్పాం.

"తోట అమ్మకండి" అని కూడా చెప్పాం. ముందు వైద్యపరీక్ష. అది గట్టెక్కితే విమాన మరమ్మతు చదువుకు ప్రవేశం. నాలుగైదేళ్ళు పనిచేసి, సొంత సంపాదనలోంచి పైలట్ శిక్షణ మొదలుపెట్టే స్థితి వస్తే అప్పుడు సంఘం ముందు మళ్ళీ నిలబడాలి. అప్పటికీ సంఘం మౌనంగా ఉంటే ఏం చేయాలో అప్పుడు చూద్దాం. కుర్రవాడికి ఈ సలహా అంతగా రుచించలేదు. పదేళ్ళు పడుతుందండీ అన్నాడు. పడుతుందన్నాం.

తండ్రిగారు ఏమీ అనలేదు. లేచి బయటికి వెళ్ళి, మామ్మగారి చేతిసంచీ అందుకుని ఆమెను ఆటో ఎక్కించి వచ్చారు.

ఆ మధ్య ఒక ఉదయం నర్సీపట్నం బస్టాండులో వారిద్దరూ కనబడ్డారు. నర్సీపట్నం రోడ్ అని పేరున్న రైల్వేస్టేషను ఊరికి ఎంత దూరమో ఇక్కడివారికి తెలుసు గనుక, ఎవరైనా విశాఖ వెళ్ళేది బస్సులోనే. క్లాస్ టూ వైద్యపరీక్షకు వెళ్తున్నామని కుర్రవాడు చెప్పాడు. గోళ్ళు శుభ్రంగా కడుక్కున్నాడు. తండ్రి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో కొడుకు కళ్ళజోడు లేని ఫోటోలు, పదో తరగతి సర్టిఫికెట్టు, ఒక పొట్లం జీడిపప్పు. డాక్టరుగారికి ఇద్దామని తెచ్చారట. అలా ఇవ్వకూడదేమో అంటే, "తినకపోతే మేమే తింటాం లెండి" అని బస్సెక్కారు.